బల్ల పక్కన చీపురు

లింబాద్రి కూర్చునే బల్లకు కుడిపక్కన సోల్డరింగ్ కడ్డీ, ఎడమపక్కన పొడుగు కర్ర చీపురు ఉంటాయి. కంప్యూటర్లు బాగుచేసే మనిషికి చీపురెందుకయ్యా అని బతాలో ఎవరూ అడగరు. రియాద్‌లోని ఆ పాత బజారులో కార్డు మీద పని ఒకటి, చేతిలో పని ఇంకొకటి. ఎదురు సందులో బిర్యానీ వండే ఆయన ఇకామా మీద, అంటే సర్కారిచ్చే నివాసపు కార్డు మీద, ఒంటెల కాపరి. పక్క కొట్లో గడియారాలు విప్పే ఆయన తాపీమేస్త్రీ. లింబాద్రి ఇకామా మీద ‘ఆమిల్ నజాఫా’ అని ఉంటుంది, అంటే ఊడ్చి శుభ్రం చేసేవాడు. ఆ మాట నిజమని చూపించాల్సిన వేళలు అప్పుడప్పుడూ వస్తుంటాయి గనక చీపురు అందేంత దూరంలో ఉండాలి.

ఆ పొద్దున అలాంటి వేళే వచ్చింది. లింబాద్రి ఒక కంప్యూటర్ డబ్బాకు పక్క రేకు బిగిస్తున్నాడు. ఆఖరి స్క్రూ వేళ్ళ మధ్య ఉంది. ముందు కౌంటరు దగ్గర జిలానీ గట్టిగా దగ్గాడు. జిలానీది కడప. కొట్టు చూసుకునే మేనేజరు. ఆ దగ్గు జలుబు దగ్గు కాదు. తఫ్తీష్ వాళ్ళు, అంటే కొట్లు తనిఖీ చేసే మనుషులు, సందు మొదట్లో కనిపించారని దానికి అర్థం. లింబాద్రి లేచి చీపురందుకున్నాడు. స్క్రూ చేతిలోంచి జారి, నేల మీద టంగుమని, ఎటో దొర్లిపోయింది. వెతికే తీరిక ఎక్కడిది? తల వంచుకుని ఊడవడం మొదలుపెట్టాడు. ఊడవడమంటే చీపురు నేలకు తగిలీ తగలకుండా ఇటూ అటూ కదపడమే. చేతులు అలవాటు కొద్దీ చేసుకుపోతాయి, చెవులు మాత్రం కౌంటరు దగ్గర ఉంటాయి.

తెల్లటి తోబు వేసుకున్న పెద్దాయన లోపలికొచ్చాడు. చేతిలో ట్యాబు, వెనకాల ఒక మనిషి. "మీ సౌదీ టెక్నీషియన్ ఏడీ?" అన్నాడు.

"చాయ్ తాగడానికి వెళ్ళాడు" అన్నాడు జిలానీ అరబ్బీలో, చక్కగా నవ్వుతూ.

ఫహద్ అనే సౌదీ యువకుడి పేరు కొట్టు లెక్కలో ఉన్నమాట నిజం. మనిషి మాత్రం ఏనాడూ గడప తొక్కలేదు.

"చాయ్ బాగా వేడిగా ఉన్నట్టుంది. పోయినసారి వచ్చినప్పుడూ తాగుతూనే ఉన్నాడు" అన్నాడు పెద్దాయన. గొంతులో కోపం లేదు. "మళ్ళీ వస్తాను. అప్పటికి ఆ బల్ల దగ్గర అతనే కూర్చుని ఉండాలి. లేకపోతే కొట్టు ఎరుపులోకి పోతుంది."

నితాకాత్ చట్టం వచ్చినప్పటి నుంచీ కొట్లకూ కంపెనీలకూ రంగులు వచ్చాయి. సౌదీవాళ్ళు సరిపడా ఉంటే పచ్చ, లేకపోతే ఎరుపు. ఎరుపైతే లోపల పనిచేసే వాళ్ళెవరి ఇకామా కూడా రెన్యూ కాదు. పెద్దాయన లింబాద్రి వైపు తిరిగి చెయ్యి చాచాడు. లింబాద్రి కార్డు ఇచ్చాడు. ఆయన కార్డునీ, చీపురునీ మార్చి మార్చి చూశాడు. "ఈ నెలాఖరుకు అయిపోతోంది" అని తిరిగి ఇచ్చేశాడు.

అది లింబాద్రికి తెలియని సంగతేమీ కాదు. వాళ్ళు పోయాక మోకాళ్ళ మీద వంగి స్క్రూ కోసం చూశాడు, దొరకలేదు. గిన్నెలో ఇంకోటి తీసి బిగించాడు. కొట్లో ఎన్ని స్క్రూలున్నా, చేతిలోంచి పోయింది దొరక్కపోతే ఆ రోజంతా అతనికి పంటి కింద రాయే.

సాయంత్రం కఫీల్, అంటే వీళ్ళను పనిలోకి రప్పించుకున్న యజమాని, అబూ నాసర్ వచ్చాడు. అతని వెంట ఫహద్. అక్క కొడుకు. పాతికేళ్ళు దాటిన మనిషి, పెళ్ళయింది, చేతిలో పెద్ద ఫోను. బల్ల చుట్టూ చూసి, ఎక్కడ కూర్చోవాలో తెలియక, చివరికి లింబాద్రి ముందు నిలబడ్డాడు. "సదీఖ్, కుర్చీ ఉందా?" అన్నాడు. సదీఖ్ అంటే స్నేహితుడు. ఆ ఊళ్ళో పేరు తెలియని విదేశీవాడినల్లా అలాగే పిలుస్తారు. లింబాద్రి స్టూలు జరిపాడు.

గోడ పక్కన వరసగా డబ్బాలు పేర్చి ఉన్నాయి. ఒక ఆఫీసు అమ్మేసిన పాత కంప్యూటర్లు. హఫర్ అల్ బాతిన్‌లో ఒక శిక్షణ కేంద్రానికి పోవాలి. వాటిలో లింబాద్రి ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించాడు. అబూ నాసర్‌కు ఒకటే ముచ్చట, స్విచ్చి వెయ్యగానే ఆ కేంద్రం గుర్తు తెర నిండా కనబడాలి. లింబాద్రి ఒకదాన్ని ఆన్ చేశాడు. బల్ల మీది వెడల్పాటి మానిటర్ నిండా ఆకుపచ్చ గుర్తు, దాని మీద తెల్లటి అక్షరాలు నిగనిగలాడాయి. అబూ నాసర్ మీసం కింద నవ్వాడు.

ఇదే సమయమనుకుని లింబాద్రి అడిగాడు. "ముదీర్, నా ఇకామా..."

"ఇవి అక్కడ ఒప్పుకోనీ. డబ్బు చేతికి రానీ. ఏటేటా మనిషికింత అని కట్టమంటోంది సర్కారు, తెలుసు కదా? పనికొచ్చేవాడికి కడతాను. ఇన్షా అల్లా."

ఇన్షా అల్లా అన్నాక ఇంక మాట ఉండదు. లింబాద్రి తలూపాడు.

గదికి పోయి భార్యకు ఫోన్ చేశాడు. సంధ్య జగిత్యాల దగ్గర పల్లెలో ఉంటుంది. గర్భసంచి ఆపరేషన్ చెయ్యాలని, ఆలస్యం వద్దని కరీంనగర్ డాక్టరు చెప్పి చాలా రోజులైంది.

"ఏమన్నడు మీ సేటు?" అంది.

"చేస్తనన్నడు. గీ డబ్బాలు ఒప్పుకుంటే చేస్తనన్నడు. ఇకామా అయితె సుట్టీ మీద వస్త. నువ్వు మాత్రం డాక్టరు చెప్పిన దినం పోయి చేయించుకోరాదు? మా అక్కను తోలిస్త."

"నువ్వు లేంది నేను బల్ల ఎక్క. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

"మొండిదానివే నువ్వు."

"ఔ మరి. నీతోటి ఇన్నేండ్లు ఏగిన గదా" అంది. అంటూనే నొప్పికి కాబోలు, ఊపిరి బిగబట్టింది. ఇకామా లేకుండా పోతే తిరిగి రావడం ఉండదు. తిరిగి రాకపోతే ఆపరేషన్ తర్వాత ఇల్లు ఏ పనితో నడుస్తుందో అతనికి తెలియదు.

డబ్బాలు లారీలో హఫర్ వెళ్ళాయి. ఆ మర్నాడే ఫోన్ వచ్చింది. జిలానీ మాట్లాడి పెట్టేశాడు. మొహంలో నెత్తుటిచుక్క లేదు.

"లింబాద్రీ, ఏందిబ్బా నువ్వు చేసింది? ఒక్కటంటే ఒక్కటి కూడా ఎలగలేదంట. అన్నీ నల్లగానే ఉండాయంట తెరలు."

"ఏ, ఉత్తదే. నేను ఒక్కొక్కటి చూసే కద పంపిన."

"నువ్వు చూస్తే ఏమొచ్చె? వాళ్ళకు కనపడల్ల కదా! అబూ నాసర్‌కు కూడా చేసినారంట. ఆయప్ప వచ్చాండాడు."

లింబాద్రి ఆ వరసలోదే కొట్లో మిగిలిపోయిన ఒక డబ్బాకు తీగ పెట్టి ఆన్ చేశాడు. ఆకుపచ్చ గుర్తు నిక్షేపంగా వచ్చింది. అన్ని డబ్బాలకూ ఒకే డిస్కు నకలు కొట్టాడు. ఇది పనిచేస్తే అవీ పనిచెయ్యాలి. మళ్ళీ ఆపి, మళ్ళీ వేశాడు. మళ్ళీ వచ్చింది. మెషీను తనతో పరాచికాలాడుతున్నట్టనిపించి దాని నెత్తిన ఒకటిచ్చాడు.

చివరికి, "వాళ్ళ తెర ఫోటో అడుగు జిలానీ భాయ్" అన్నాడు.

ఫోటో వచ్చింది. పాతకాలపు చతురస్రపు మానిటర్, చిన్నది. నల్లటి తెర మధ్యలో చిన్న డబ్బీలో రెండు ముక్కలు: ఈ మోడ్, అంటే ఈ తెర కొలత, నా వల్ల కాదు అని దాని భావం. లింబాద్రి నుదురు కొట్టుకున్నాడు.

బతాలో ఒక పద్ధతుంది. రిపేరుకు ఎవరూ మానిటర్ తీసుకురారు. బస్సులో, భుజం మీద, డబ్బా ఒక్కటే మోసుకొస్తారు. కొట్లో ఉన్న ఒకే ఒక్క వెడల్పాటి మానిటర్‌కు తగిలించి చూడటం, వెలిగితే బాగైందని ఇచ్చెయ్యడం. ఆ బల్ల మీద తయారైన ప్రతి డబ్బా ఆ ఒక్క తెరనే ఎరుగును. అబూ నాసర్ ముచ్చటపడ్డ గుర్తు అందంగా రావాలని లింబాద్రి మెషీను లేవగానే ముందుగా వచ్చే బూట్ మెనూకు ఆ వెడల్పాటి తెర కొలతే రాసి బిగించేశాడు. పైగా ఆ పాత గ్రాఫిక్స్ కార్డులు పేచీ పెడుతున్నాయని, మెనూ ఏ మోడ్ పెడితే చివరిదాకా అదే ఉండేలా చేశాడు. అక్కడి చిన్న తెరలు అంత కొలత మొయ్యలేక కళ్ళు మూసుకున్నాయి. లోపల మెషీను మాత్రం శుభ్రంగా నడుస్తూనే ఉంది, పాపం.

"తప్పు నాదే భాయ్" అన్నాడు లింబాద్రి. "మెషీన్లకేం కాలే. నేను పోతే ఒక్క పూటల చేసొస్త."

"నువ్వెట్ల పోతావబ్బా? గేటు కాడ ఇకామా అడుగుతారు. ఊడ్చేవానికి కంప్యూటర్లతో ఏం పనీ అంటారు. సౌదీ టెక్నీషియన్‌నే పంపమని కాగితంలో రాసుండాది."

అబూ నాసర్ వచ్చాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. లింబాద్రి చెప్పింది సగం విని, "రేపు ఫహద్ వెళ్తాడు. నేర్పించు. అవి వెలగకపోతే నీకు ఖరూజ్ నిహాయీ" అన్నాడు. అంటే తిరిగి రాకుండా పంపెయ్యడం. అన్నాక జిలానీ పోసిన గహ్వా తాగి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం నమాజుకు షట్టరు దించారు. అది అయ్యాక బజారంతా నిద్రపోయే సమయం. లింబాద్రి ఫహద్‌ను బల్ల ముందు తన కుర్చీలో కూర్చోబెట్టాడు. తను స్టూలు మీద కూర్చున్నాడు. ఇద్దరి మధ్య సగం అరబ్బీ, సగం సైగలు.

"అక్కడ తెర కనబడదు. కాబట్టి చూడకుండా కొట్టాలి" అన్నాడు లింబాద్రి.

"చూడకుండా ఎలా?"

లింబాద్రి భుజం మీది తువ్వాల తీసి మానిటర్ మీద కప్పాడు. ఫహద్ పకపకా నవ్వాడు. లింబాద్రి నవ్వలేదు. స్విచ్చి వేసి, చెయ్యెత్తి ఆగమన్నాడు. డబ్బా కీచుమని ఒకసారి అరిచింది. ఒక గుక్క మింగేంత సేపు ఆగాడు.

"ఇప్పుడు మెనూ వచ్చింది. నీకు కనబడదు, నాకూ కనబడదు. ‘సి’ నొక్కు. ఇంక అది నువ్వు చెప్పింది వింటుంది. ముందు చిన్న తెర కొలత కొట్టు, ఎంటర్. తర్వాత టెర్మినల్ అవుట్‌పుట్ కన్సోల్ అని కొట్టు. టెర్మినల్‌కూ అవుట్‌పుట్‌కూ మధ్య కింది గీత, దానికి షిఫ్ట్ పట్టుకోవాలి. ఎంటర్. అంతే, ఒట్టి అక్షరాల తెర వస్తుంది. కొలతలతో పని లేదు దానికి, ఏ మానిటరైనా చూపిస్తుంది. అక్కడి నుంచి లోపలికి పోయి, నేను రాసిన కొలత మార్చెయ్యి."

ఫహద్ కొట్టాడు. తువ్వాల తీసి చూస్తే ఆకుపచ్చ గుర్తు అలాగే ఉంది. ఆలస్యంగా నొక్కాడు. మళ్ళీ. ఈసారి షిఫ్ట్ మర్చిపోయాడు. మళ్ళీ. అతని నుదుట చెమట పట్టింది, తలపాగా తీసి పక్కన పెట్టాడు. లింబాద్రి కళ్ళు మూసుకుని మీటల చప్పుడు వింటున్నాడు. షిఫ్ట్ మీద చిటికెన వేలు పడినప్పుడు ఒక బరువైన చప్పుడు వస్తుంది. అది వినబడకపోతే నాలుక చప్పరిస్తాడు, ఫహద్ ఆపేసి మొదటి నుంచి మొదలుపెడతాడు.

ఎన్నోసారో తువ్వాల తీసేసరికి నల్లటి తెర మీద తెల్లటి ఒట్టి అక్షరాలు వరసగా నిలబడి ఉన్నాయి. ఫహద్ కుర్చీలోంచి ఎగిరాడు. "ముఅల్లిమ్! వల్లాహి, నువ్వు ముఅల్లిమ్‌వి!" అన్నాడు. ఆ మాట మేస్త్రీనీ అంటారు, గురువునీ అంటారు. లింబాద్రికి సంతోషమేసింది. ఆ కొట్లో అతన్ని ఆ మాటతో పిలిచినవాళ్ళు లేరు. షట్టరు ఎత్తేదాకా ఫహద్ చేత కొట్టిస్తూనే ఉన్నాడు.

మర్నాడు ఫహద్ హఫర్ చేరి ఫోన్ చేశాడు. లింబాద్రి ఫోను బల్ల మీద పెట్టి స్పీకర్ వేశాడు. అవతల పిల్లల గోల, కుర్చీలు లాగిన చప్పుడు. మొదటి డబ్బా ఆన్ చేశాడు. కీచుమన్న అరుపు ఇక్కడిదాకా వినబడింది.

"ఇప్పుడు" అన్నాడు లింబాద్రి.

మీటలు టకటకలాడాయి. "రాలేదు ముఅల్లిమ్."

"తొందరపడ్డవ్. కీచుమన్నంక ఒక గుక్క మింగాలె. మళ్ళ వెయ్యి" అన్నాడు. తొందరలో తెలుగులో అనేసి, మళ్ళీ అరబ్బీలో అన్నాడు.

జిలానీ దగ్గాడు.

ఫోను కట్ చేస్తే అవతలివాడు బెదిరిపోతాడు. కట్ చెయ్యకపోతే ఇక్కడ దొరికిపోతాడు. అలాగే చొక్కా జేబులో వేసుకుని చీపురందుకున్నాడు. తెల్ల తోబు పెద్దాయన లోపలికి వచ్చేసరికి అతను తల వంచి ఊడుస్తున్నాడు.

"మీ సౌదీ మళ్ళీ చాయ్‌కి వెళ్ళాడా?" అన్నాడు పెద్దాయన.

"హఫర్ వెళ్ళాడు, పని మీద" అన్నాడు జిలానీ. ఈసారి చెప్పింది నిజమే అయినా గొంతు వణికింది. అబద్ధమే అతనికి బాగా అలవాటు.

జేబులోంచి సన్నగా, "ముఅల్లిమ్... వింటున్నావా?" అని వినబడింది. లింబాద్రి చీపురు గట్టిగా నేలకేసి రాశాడు. ఆ చప్పుడే అవతలికి పోయిన జవాబు. తర్వాత కీచుమన్న అరుపు, ఆ వెనక మీటల చప్పుడు. లింబాద్రి ఊడుస్తూనే లెక్క పెట్టుకుంటున్నాడు. సి. కొలత. ఎంటర్. టెర్మినల్... చిటికెన వేలు, చిటికెన వేలు మరిచిపోకురా నాయనా. ఆ బరువైన చప్పుడు పడిందో లేదో జేబు గుడ్డలోంచి తెలియలేదు.

"వచ్చింది! వచ్చింది!" జేబు ఒక్కసారిగా అరిచింది.

పెద్దాయన తిరిగి చూశాడు. చెయ్యి చాచాడు. లింబాద్రికి ఫోను ఇవ్వక తప్పలేదు.

"ఎవరు నువ్వు?" అన్నాడు పెద్దాయన ఫోనులో.

అవతల ఫహద్ గొంతు, నింపాదిగా. "నేను ఫహద్‌ని, ఆ కొట్టు టెక్నీషియన్‌ని. ఇక్కడ కంప్యూటర్ల తెరలు వెలగడం లేదు. ఇప్పుడే ఒకటి వెలిగించాను. వాటిలో నేను పెట్టిన కొలత తప్పు, సరిచేస్తున్నాను. కొట్లో ఫోను ఎవరూ ఎత్తడం లేదని ఊడ్చే ఆయనకు చేశాను, మా వాళ్ళకు చెప్పమని."

"ఎలా వెలిగించావు, తెర కనబడకుండా?"

ఫహద్ చెప్పాడు. కీచుమన్న అరుపు, గుక్క, ‘సి’, కొలత, కింది గీత. ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్పాడు. పెద్దాయన కనుబొమలెత్తి విన్నాడు. "మాషా అల్లా" అన్నాడు. ట్యాబులో ఏదో నొక్కాడు. "మన పిల్లలకు పని రాదంటారు" అని జిలానీతో అంటూ, ఫోను లింబాద్రికి ఇచ్చి వెళ్ళిపోయాడు.

జిలానీ కుర్చీలో కూలబడ్డాడు. "సచ్చి బతికినామబ్బా. మంచోడే పిల్లోడు. తప్పు కూడా తన మీదనే ఏసుకున్నాడు చూడు" అన్నాడు. లింబాద్రీ అదే అనుకున్నాడు. ఆ యువకుడు అన్న ప్రతి మాటా తనను కాపాడడానికి అన్నదే. సాయంత్రానికి అన్ని డబ్బాలూ వెలిగాయని కబురొచ్చింది. లింబాద్రి బయటికి పోయి జిలానీకీ తనకూ చెరో చాయ్ తెచ్చాడు.

రెండు రోజులకు జిలానీ తన ఫోను తెచ్చి చూపించాడు. ఇకామా రెన్యూ అయింది. పచ్చటి గుర్తు పక్కన కొత్త తేదీ, ఆ పైన లింబాద్రి పేరు, పేరు కింద పని: ఆమిల్ నజాఫా. సెలవు మీద పోయి రావడానికి వీసా కూడా ఇచ్చాడు అబూ నాసర్. వచ్చే వారమే పోవచ్చు.

"సంధ్యకు చెప్త" అని లింబాద్రి తన ఫోను తీశాడు.

"ఉండు. ఇంకో మాట ఉండాది." జిలానీ అతని మొహం చూడటం లేదు. కౌంటరు మీద లేని దుమ్ము తుడుస్తున్నాడు. "ఆ తఫ్తీష్ పెద్దాయన అబూ నాసర్‌కు ఫోన్ చేసి ఫహద్‌ను శానా మెచ్చుకున్నాడంట. ఇట్లాంటోన్ని బల్ల కాడ పెట్టుకో, కొట్టు ఎప్పటికీ పచ్చగా ఉంటాది అన్నాడంట. ఇంక బల్ల కాడ ఫహదే. నువ్వు దాని జోలికి పోవద్దని చెప్పమన్నాడు. నీకు... కార్డులో ఏముంటే అదేనంట పని. జీతమూ దాని లెక్కనే."

"సుట్టీ నుంచి వచ్చినంకనా?"

"రేప్పొద్దున నుంచే."

లింబాద్రి ఫోను జేబులో పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. అడిగింది అడిగినట్టే ఇచ్చాడు కదా అబూ నాసర్, తప్పు పట్టడానికి ఎక్కడా సందు లేదు. ఆ రాత్రి సంధ్యకు ఇకామా అయిన సంగతి, వచ్చే వారం వస్తున్న సంగతి చెప్పాడు. ఆమె ఏడ్చింది. మిగతాది చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఫహద్ కుర్చీలో కూర్చున్నాడు. లింబాద్రి తువ్వాల మానిటర్ మీదే ఉండిపోయింది, దాన్ని మడిచి పక్కన పెట్టాడు. లింబాద్రి కళ్ళలోకి చూడలేక, "నేను అడగలేదు ముఅల్లిమ్. మామే..." అన్నాడు.

"తెలుసు" అన్నాడు లింబాద్రి. తెలుసు గనకే కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తోచలేదు.

జిలానీ దగ్గాడు. ఎందుకు దగ్గాడో అతనికే తెలియదు, ఇప్పుడు దగ్గాల్సిన పని లేదు. తెల్ల తోబు పెద్దాయన నవ్వుతూ వచ్చి ఫహద్ భుజం తట్టాడు, విప్పి ఉన్న డబ్బాలోకి తొంగిచూశాడు. లింబాద్రి చీపురు పట్టుకుని ఉన్నాడు. గుండె అదరలేదు. కార్డు మీద ఉన్నదీ, చేతిలో ఉన్నదీ మొదటిసారి ఒకటే అయ్యాయి.

పెద్దాయన బల్ల కిందికి వేలు చూపించాడు. "అక్కడ దుమ్ము చూడు, సదీఖ్. ఎన్నాళ్ళైంది ఊడ్చి?"

నిజమే. ఇన్నాళ్ళూ చీపురు కదిపాడే గాని ఊడవలేదు. లింబాద్రి మోకాళ్ళ మీద కూర్చుని, చీపురు కర్ర వంచి, గోడ మూల దాకా పోనిచ్చి లాగాడు. నల్లటి దుమ్ము, తీగ ముక్కలు, ఎండిన సీసం చుక్కలు వచ్చాయి. వాటి మధ్య చిన్న స్క్రూ ఒకటి మెరిసింది. ఆ రోజు దొర్లిపోయినదే. తీసి, చొక్కాకు తుడిచి, బల్ల మీద ఫహద్ ముందు పెట్టాడు.

"షుక్రన్, ము..." అని థాంక్స్ చెప్పబోయి ఫహద్ ఆగాడు. పెద్దాయన వైపు ఒకసారి చూశాడు.

"షుక్రన్, సదీఖ్" అన్నాడు.

లింబాద్రి తలూపి, పోగైన దుమ్మును చేటలోకి ఎత్తుకుని, గుమ్మం వైపు ఊడ్చుకుంటూ పోయాడు.